కలోలో వాటా

చేపలు ఎవరు పట్టినవైనా, ఎన్ని పడినా, మా దీవిలో ముందు రేవు దగ్గరి తెల్ల గులకరాళ్ల మీదికే వస్తాయి. అక్కడ మనిషికింత అని ఇంటింటికీ వాటా వేస్తారు. ఆ పంపకాన్ని ఇనాతి అంటాం. ముప్పై ఏళ్లుగా వాటాలు వేసేది ఫలానికో. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. తన వాటా అందరికంటే చివర వేసుకుంటాడు, అదీ తోక తెగిన చేప ఏదో చూసి మరీ. అతని చేతిని అనుమానించినవాడు పసిఫిక్ సముద్రంలోని ఈ టొకెలావు దీవుల్లో ఇంకా పుట్టలేదు.

అలాంటి మనిషి మూడేళ్లుగా తెలిసి తెలిసీ ఒక తప్పు చేస్తున్నాడు. కలోలో అనే అతని తమ్ముడు ఓ ఉదయం పగడపు దిబ్బ దాటి వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, తెడ్డూ దొరకలేదు. మర్నాటి ఇనాతిలో ఫలానికో ఆ ఇంటికి ఎప్పటిలాగే రెండు వాటాలు వేశాడు. ఒకటి తమ్ముడి భార్య లెపేకాకి, ఒకటి తమ్ముడికి. అప్పటినుంచీ అదే వరస. ఆ చేప ఆపిన రోజు లెపేకా కుప్పకూలిపోతుందని అతని భయం. ఉన్నదే రెండు వందల ముప్పై మందిమి, అందరం చూస్తూనే ఉన్నాం. ఒక్కరం నోరెత్తితే ఒట్టు.

ఈ మార్చిలో సమోవాలోని అపియా రేవు నుంచి వచ్చిన ఓడ ఫ్రాన్సెస్ అనే పళ్ల డాక్టరమ్మని దింపి వెళ్లింది. ఆమె పటకారు చూడగానే దీవిలో పంటినొప్పులన్నీ ఒక్కపూటలో మాయమైపోయాయి. మళ్లీ ఓడ వచ్చేది రెండు వారాలకి. అందాకా ఆమె బస లెపేకా ఇంట్లో అని పెద్దలు తేల్చారు.

ఆ మాట విన్నాక ఫలానికోకి ముద్ద దిగలేదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకైనా ఇక్కడున్నన్నాళ్లూ వాటా ఉంటుంది. ఇప్పుడు ఆ ఇంటికి రెండే వేస్తే తమ్ముడి చేప తీసి కొత్తమనిషికి ఇచ్చినట్టు. మూడు వేస్తే వచ్చినావిడ ఊరుకుంటుందా?

మూడే వేశాడు.

కొబ్బరాకు బుట్ట పట్టుకుని ఫ్రాన్సెస్సే వచ్చింది. వచ్చీరాని మా భాషలో, "మేం ఇద్దరమే కదా పెద్దాయనా, మూడోది ఎవరికి?" అంది.

ఫలానికో వంగి గులకరాళ్లు సర్దసాగాడు. చివరికి ముసలి తెలేసా అందుకుంది. "రావడం ఆలస్యమైన మనిషికమ్మా. ముందు బుట్ట ఎత్తు, ఈగలు ముసురుతున్నాయి."

ఫలానికో ఎవరి ముఖమూ చూడలేక పడవల పాక వైపు నడిచిపోయాడు. కాసేపటికి లెపేకా అతన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"బావగారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకూడదు."

"అడుగు తల్లీ."

"ఆయన చేప నేనేం చేస్తున్నానో తెలుసా మీకు?"

"ఎండబెట్టుకుంటున్నావేమో."

"తెల్లారగానే పట్టుకెళ్లి ఆయన పడవ దింపిన చోటే నీళ్లలో వదిలేస్తున్నాను. అక్కడి సొరచేపలు ఎంత ఒళ్లు చేశాయో చూడండి. నా అడుగుల చప్పుడు వినబడితే చాలు, వచ్చేస్తాయి."

ఫలానికో నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మరి వద్దని ఒక్కనాడూ అనలేదేం?"

"వద్దంటే మీరేమైపోతారోనని. ఆయన ఇక రారని నాకు మొదటి నెలలోనే తెలిసిపోయింది. మీకే తెలియలేదనుకున్నా."

"నాకు మొదటి రోజే తెలుసమ్మా. నీకోసమే వేస్తున్నాను."

 ఒకరి కోసం ఒకరు మూడేళ్లు అబద్ధమాడారు. పాపం, ఇద్దరికీ అబద్ధం చేతకాదు.

లెపేకా కళ్లు తుడుచుకుని లేచింది. "రేపట్నుంచి రెండే వెయ్యండి. ఇంటికి చుట్టం వస్తే ఆయన తన చేప తానెప్పుడు తిన్నారు గనక? ఆ పళ్లావిడకే పెట్టేసేవారు."

రెండు వారాలూ అలాగే జరిగింది. తెలేసా పళ్లతో కలిపి మొత్తం పదకొండు పళ్లు పీకి, అందర్నీ కౌగిలించుకుని, ఫ్రాన్సెస్ ఓడెక్కి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఇనాతిలో ఫలానికోకి చూపు సరిగా ఆనలేదు. ఏ చేప ఎవరికి వేస్తున్నాడో కూడా గమనించుకోలేదు. వరసలో చివరిల్లు లెపేకాది. పేరు పిలిచి, ఒక్కటే వేశాడు. ఇక మిగిలింది చేతిలో ఉన్న ఒక్క చేపే. లెక్క ప్రకారం అది అతనిది. కానీ మూడేళ్లుగా ఆ చేయి తర్వాతి చేపని కలోలో పేరునే పెడుతూ వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక, అందరి ముందూ అలాగే నిలబడి ఏడ్చేశాడు.

లెపేకా తన చేప ఎత్తుకుంది గానీ కదల్లేదు. "అది మీది బావగారూ," అంది. "ఇన్నేళ్లలో ఒక్కసారైనా తోకున్న చేప తినండి. మా ఇంటికే పట్టుకు రండి. ఒక్క చేప కోసం పొయ్యి రాజెయ్యడం నావల్ల కావడం లేదు."

"వెళ్లవయ్యా, మొహమాటం దేనికి," అంది తెలేసా, లేని పళ్లతో.

ఆ రోజునుంచి ఫలానికో పడుకునేది తన గుడిసెలోనే గానీ, తినేది లెపేకా ఇంట్లోనే. ఇనాతిలో ఆ ఇంటికి మళ్లీ రెండు వాటాలు పడుతున్నాయి. ఈసారి లెక్క సరిగ్గానే ఉంది.