బావ చెప్పిన రెండు తడులు

మా పక్కింటి బావ పోయారని మొన్న ఆదివారం ఆయన అల్లుడు ఎలమంచిలి నుంచి వచ్చి చెప్పాడు. నేను వెంటనే నమ్మలేదు. ఎప్పుడు, ఎలా, డాక్టరు చూశాడా, చూసినవాడు సరిగ్గానే చూశాడా అని వరసపెట్టి అడిగాను. అతను నొచ్చుకోలేదు. "మా మామైనా ఇలాగే అడుగుతాడండి" అన్నాడు. అప్పుడు నమ్మాను.

నిజానికి ఆయన నాకు ఏ వరసా కారు. డెబ్భైల చివర్లో నేను గోదావరి వైపు నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి క్వార్టర్సులో దిగిన రోజే, గోడ మీంచి తల పెట్టి "ఏటి బావా, ఏ వూరు మీది?" అన్నారు. మా వైపు ఒకణ్ణి బావా అనాలంటే మధ్యలో అక్కో చెల్లెలో ఉండాలి. ముక్కూ మొహం తెలియని మనిషి వరస కలిపితే, ఏదో పనిబడే కలిపి ఉంటాడనుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన మీద ఓ కన్నేసి ఉంచాను.

ఆయన పోర్టులో పంపు ఆపరేటరు. నా అనుమానం మనుషుల మీదైతే, ఆయనది నీళ్ళ మీద, నీళ్ళు మోసే ప్రతి వస్తువు మీద. కుళాయి కట్టేసి నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి చూసేవారు. మా ఆవిడ కాఫీ ఇస్తే, గ్లాసు పైకెత్తి అడుగు చూసుకుని గానీ తాగేవారు కాదు.

నాకు పెరట్లో పచ్చిక కావలసి వచ్చింది సోకు కోసం కాదు. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. మెత్తటి నేల మీద చెప్పుల్లేకుండా రోజూ నడిపించమన్నాడు డాక్టరు, ఇప్పుడు మానేస్తే ఆ కాలు ఇంక పని నేర్చుకోదన్నాడు. మా పెరడు చూస్తే అంతా ఎర్రమట్టి, గులకరాళ్ళు. పడ్డప్పుడల్లా మోకాళ్ళు చీరుకుపోయి, చివరికి పిల్ల అసలు నిలబడనని మొండికేసింది. ఆనందపురం నుంచి గోనెసంచుల్లో గడ్డి పిలకలు తెచ్చి నాటాను. ఇక దానికి నీళ్ళు ఎలా పెట్టాలన్నదే మిగిలింది. కుళాయి వచ్చేది పొద్దున్న ఒక్క గంట.

రబ్బరు గొట్టమా, చిల్లుల పైపా అని నాలుగు షాపులు తిరిగి, గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్మే స్ప్రింక్లరు మీద మనసు పారేసుకున్నాను. బావ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇది నీరు పెట్టదు బావా, నీరు సూపిత్తాది" అన్నారు. "గొట్టంతోటే పెట్టు. వారానికి రెండు తడులు సాలు."

ఓహో, ఇదా సంగతి అనుకున్నాను. మా రెండిళ్ళకీ ఒకటే పైపు. నేను తక్కువ వాడితే ఆయన తొట్టి నిండుతుంది. పైగా నేను కాలవ కింద పుట్టినవాణ్ణి. మాకు చేనుకి నీళ్ళు వదలడమే తెలుసు, తడులు లెక్కపెట్టడం తెలీదు. తడి అంటే నా చెవికి, తుడిచిన గచ్చు మీద మిగిలే చెమ్మ. వారానికి రెండుసార్లు చెమ్మ చేస్తే ఏ గడ్డి బతుకుతుంది? స్ప్రింక్లరు కొని రోజూ తిప్పాను.

ఇరవై రోజులకి గడ్డి పసుపుపచ్చబడింది. ఈలోగా ఇంకో చిత్రం. కుళాయి తిప్పి స్నానానికి వెళ్ళి వచ్చేసరికి ఎవరో కట్టేసి ఉండేవారు. గడ్డి నిండా ఎవరో పొడిచినట్టు సన్నటి కన్నాలు. ఇది బావ పనేనన్నాను. "అన్నయ్యగారు అలాంటి మనిషి కాదండీ" అంది మా ఆవిడ. ఎలాంటి మనిషో చూద్దామని ఒకరోజు స్నానానికి వెళ్ళినట్టే వెళ్ళి కిటికీ వెనక నిలబడ్డాను. ఆయన గోడ దాటి వచ్చారు, కుళాయి కట్టేశారు. ఒంగి, ఇనప చువ్వ ఒకటి నా గడ్డిలో దింపారు.

"ఏం చేస్తున్నారు బావగారూ?" అన్నాను బయటికొచ్చి. గొంతు మంచిగా లేదు.

ఆయన తడబడలేదు. "నీ నీరు ఎంత లోతెల్లిందో సూత్తన్నాను" అని చువ్వ లాగి చూపించారు. చివర వేలి కణుపంత కూడా తడిమట్టి అంటలేదు. "సగం నీరు గాలికి మా గోడ మీదకే వొత్తంది. అందుకే కట్టీసాను. వేరు పైపైనే ఉండిపోనాది. రెండు తడులు సాలని సెప్పేను కదేటి?"

"రెండుసార్లు తడిపితే ఎలా సరిపోతుంది?"

"తడంటే తడపడం అనుకున్నావేటి? మొక్క తాగీసి, మూడు రోజులు నీటి మాటే మర్సిపోవాల. అదీ తడంటే."

సిగ్గుతో చచ్చిపోయాను. మీ తొట్టి కోసం చెప్పారనుకున్నానని ఒప్పేసుకున్నాను. ఆయనకి కోపం రాలేదు. "అనుకోడం తప్పు కాదు బావా. సూడకుండా అనుకుండిపోడమే తప్పు" అన్నారు. ఆ ఇరవై రోజులూ నా కూతురి నడకలోంచి పోయిన రోజులు. అవి తినేసింది ఆయన కాదు, నా తెలివి.

ఆ ఆదివారమే ఇద్దరం పెరటిని మూడు మడులుగా కట్టాం. రోజుకో మడి గొట్టంతో నిండా నింపేవాణ్ణి, ఆదివారం సెలవు. ఏ మడికైనా వారానికి రెండే తడులు పడేవి. రెండు నెలలకి గడ్డి వేళ్ళు దిగి నేల మెత్తబడింది. పిల్ల మొదట కూర్చుంది, తర్వాత పాకింది, తర్వాత నా వేలు పట్టుకుని నిలబడింది.

ఒక పొద్దున్న, ముందురోజు నింపిన మడిలో, నా వేలు వదిలేసి నాలుగడుగులు వేసింది. మా ఆవిడ ఏడ్చేసింది. నేను గోడ దగ్గరికి పరిగెత్తి బావని కేకేశాను. ఆయన వచ్చారు గానీ పిల్ల మొహంకేసి చూడలేదు.

"ఒంటికాలి మీద గెంతిందేమో, సూడు" అంటూ లుంగీ ఎగ్గట్టి, గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. గడ్డి పక్కకి తీసి, కుడి అడుగు ఎంత లోతు దిగిందో అని వేలు దింపారు. ఎడమ అడుగు పడ్డచోట దింపారు. మళ్ళీ మొదటికి వెళ్ళి నాలుగూ చూశారు.

"మోపింది బావా" అన్నారు, తల ఎత్తకుండా. "రెండో కాలు కూడా మోపింది."

అన్నాక కూడా లేవలేదు. ఆ చిన్న ఎడమ అడుగులోకి నీళ్ళు మెల్లగా ఊరుతున్నాయి. ఆయన వేలు ఇంకా అందులోనే ఉంది.