గోడకు అటువైపు కట్టిందెవరు

దెయ్యాల కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. పెళ్లికి ముందు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఏ తప్పునైనా మళ్లీ చేసి చూపిస్తేనే నమ్మాలి, లేకపోతే కొట్టేయాలి. అదీ మా పని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడైనా నమ్మమని అడగను, జరిగింది జరిగినట్టు చెబుతాను.

రెండువేల అయిదు ప్రాంతంలో మేం ఎడిన్‌బర్గ్‌లో ఉండేవాళ్లం. మా ఆయనకు ఐటీ ఉద్యోగం. నాకింకా దొరకలేదు. ఫ్లాట్‌లో ఈగలు తోలుకుంటూ కూర్చోలేక, లైబ్రరీలో నోటీసు చూసి, ఒక పాత రోడ్డు బాగుచేసే పనికి శనివారాలు వాలంటీరుగా చేరాను.

ఊరికి దక్షిణాన గుట్టల మీదుగా వెళ్తుంది ఆ రోడ్డు. పైకి వెళితే ఊరంతా, దాని వెనక సముద్రమూ కనిపిస్తాయి. ఒకప్పుడు జనం కార్లేసుకుని వెళ్లేవారట. పట్టించుకునే దిక్కులేక కాలవలు పూడిపోయి, లోయ వైపు గోడ కూలిపోయి, చాలా ఏళ్ల కిందట గేటు వేసేశారు. దాన్ని మళ్లీ తెరవడానికి తారు పని కౌన్సిల్‌ది, అంటే అక్కడి మునిసిపాలిటీది, కాలవలూ గోడా మా వాలంటీర్లవి. చెట్టూ చేమా లేని బోడి గుట్టలు. వాన ఒక్కటి ఆపేస్తే అచ్చం మా అనంతపురమే.

మా ఆయన మాత్రం ఒకటే ఎగతాళి. "ఊర్లో మట్టితట్ట ముట్టుకోనీకుండా చదివిచ్చినాడు మీ నాయన. నువ్వు ఈడికొచ్చి ఊరకే రాళ్లు మోస్తాండావు."

మాకు పని నేర్పింది ఇయన్ అనే పెద్దాయన. డెబ్బై దాటాయి. ఆ గోడకు సున్నం, సిమెంటు ఉండవు. ఇద్దరు చెరోవైపు నిలబడి ఎవరి వరుస వాళ్లు పేర్చుకుంటూ రావాలి, మధ్యలో చిన్న రాళ్లు కూరాలి. లోయ వైపు నేల బాగా పల్లం. అటు నిలబడ్డ మనిషి నాకు టోపీ మేర కనిపిస్తే గొప్ప, వంగితే అదీ లేదు. ఇయన్ ఎప్పుడూ అటువైపే, పనిలో ఉంటే పిలిచినా పలకడు. రాయి మీద సుత్తి చప్పుడే మాకు మాటామంతీ.

ఆయన తొందరకు కారణం ఉంది. భార్య జీన్ జబ్బుతో చక్రాల కుర్చీలో ఉంది. ఒక్కసారి ఆ పైనుంచి సముద్రం చూడాలని ఆమె కోరిక. లోయ వైపు గోడ పూర్తయితేనే కార్లను వదులుతామని కౌన్సిల్ షరతు. సోమవారం తనిఖీ. అది తప్పితే చలికాలమంతా గేటు మూతే, మళ్లీ వసంతంలోనే. "వసంతం దాకా తను ఉండదు" అని ఇయన్ నాతో ఒక్కసారే అన్నాడు.

ఆ ఆఖరి శనివారానికి మూడు గజాల గోడ సగం ఎత్తులో మిగిలింది. పొద్దున్నుంచే పొగమంచు దట్టంగా పట్టింది. చాలామంది వెళ్లిపోయారు. పైన ఇయన్, నేను, కింద కాలవ దగ్గర ఫియోనా అనే కాలేజీ అమ్మాయి మిగిలాం.

పన్నెండింటికి తిండి తెచ్చుకుందామని వ్యాను దాకా వెళ్లాను. పావుగంటలో తిరిగొచ్చేసరికి అటువైపు సుత్తి చప్పుడు వినిపిస్తోంది. నా వాటా తినేసి, మిగిలిన చిత్రాన్నం డబ్బా గోడ మీద పెట్టి "ఇయన్, ఇది మీకు" అన్నాను. ప్రతివారం తింటాడు, మిరపకాయలూ కరివేపాకూ ఏరి పక్కన పెట్టి. జవాబు రాలేదు. రాదని తెలుసు.

నాలుగు దాకా కట్టాం. నేనొక వరుస పేరిస్తే అటూ ఒక వరుస లేచేది. మధ్యలో రాళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒకసారి టోపీ చూశాననుకున్నాను, ఇప్పుడు ఖాయంగా చెప్పలేను.

పని అయ్యాక చుట్టూ తిరిగి అటువైపు వెళ్లాను. ఎవరూ లేరు. డబ్బా ఒక రాతి మీద ఉంది. మూత బిగించి ఉంది. తీసి చూస్తే ఖాళీ, మిరపకాయ కూడా లేదు, కరివేపాకు రెమ్మ కూడా లేదు. కాకులు తిన్నాయందామంటే కాకులు మూత పెట్టవు కదా!

కిందికి దిగి ఫియోనాను అడిగాను. "ఇయన్ పన్నెండింటికే వెళ్లిపోయాడు. జీన్ పడిపోయిందని పక్కింటాయన కారులో వచ్చాడు. నీకు చెప్పమన్నాడు, కేక వేశాను, విన్నావనుకున్నాను" అంది.

"మరి అటువైపు ఎవరు కట్టారు?"

"నువ్వే కదా?"

నేను ఒక్కసారి కూడా అటు దిగలేదు. అప్పుడు భయమేసింది.

"నువ్వే మతిలేకుండా కట్టింటావులే" అన్నాడు మా ఆయన. తర్వాత అటువైపు గోడకు నేను తీసిన ఫోటో చూసి, "లేదులే, ఇది నీ పనితనం మాదిరి లేదు" అన్నాడు.

సోమవారం గోడ తనిఖీ దాటింది. జీన్‌కు పెద్ద దెబ్బలేమీ తగల్లేదట. తనిఖీకి వచ్చిన ఇయన్ మాత్రం లోయ వైపు దిగి, గోడ చూసి మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. పాత గోడకు అటు ముఖాన అక్కడక్కడా ఒక తెల్లరాయి ఉంటుంది. ఎందుకో ఆయనకూ తెలియదు. మేం వెతికాం గానీ మా కుప్పల్లో ఒక్కటీ దొరకలేదు. కొత్తగా లేచిన ఆ మూడు గజాల్లో, అదే ఎత్తులో, తెల్లరాయి ఉంది.

జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, వాదించలేదు. "థాంక్స్ ఎవరికి చెప్పాలో తెలిస్తే బాగుండేది" అన్నాడు.

గేటు తీశాక మొదట పైకెళ్లిన కారు ఇయన్‌దే. జీన్ దుప్పటి కప్పుకుని అరగంట సముద్రం చూసింది. ఆయన చెయ్యి వదల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు. జనవరిలో ఆమె పోయింది.

రెండువేల ఎనిమిదిలో మేం లండన్ పక్కనున్న స్లౌకు మారేముందు ఒకసారి చిత్రాన్నం కట్టుకుని అక్కడికి వెళ్లాం. నేను కట్టిన వైపు పొట్ట ఉబ్బింది, కౌన్సిల్ వాళ్లు కర్రలు ఊతం పెట్టారు. లోయ వైపు ఒక్క రాయి కదల్లేదు.

అది ఎవరి పనో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిసినట్టు నటించను. దెయ్యాల మీద నా అభిప్రాయమూ మారలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా ఆయన "చిత్రాన్నం డబ్బా ఏదే?" అని అడిగాడు. గోడ మీద మర్చిపోయానని అబద్ధం చెప్పాను.