రోడ్డు పక్కన రాళ్ల జాగా

మా పెళ్లయిన కొత్తలో మేముండేది ఊరి పటేలు దొడ్డి వెనకాల, ఆయన నేలలో వేసుకున్న గుడిసెలో. మా మామ ఆ దొడ్డిలోనే పనిచేసి అక్కడే పోయాడు. తెల్లారి లేస్తే మా అత్త ఆ దొడ్డి ఊడ్చేది, మా ఆయన ఆ పటేలు నాగలే దున్నేవాడు. గుడిసె ముందు చిన్న పందిరి వేసుకోవాలన్నా ఆయన్ని అడగాలి. ఒకసారి నేను గుడిసె పక్కన బీరపాదు పెడితే, దొడ్డి గోడకు చెమ్మ పడుతుందని పీకించారు. అప్పటికే దానికి పూత వచ్చింది. మనదంటూ ఒక జాగా ఉండాలన్న పట్టుదల నాలో మొదలైంది ఆ రోజే.

తర్వాతి ఎండాకాలంలో సర్కారు మా వాడవాళ్లకు ఇళ్ల జాగాలు ఇచ్చింది. ఊరికి పడమట పశువులు మేసే బంచరాయిలో. దానికి ఒక కొస ఊరివైపు, మంచినీళ్ల బావికి దగ్గరగా ఉంటుంది. రెండో కొస నార్కట్‌పల్లి నుంచి నల్గొండకు పోయే రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. రోడ్డు వైపంతా రాతిగుండ్లు, పరికికంప ముళ్లు. భూములు కొలిచే గిర్దావర్ వచ్చి సున్నంతో గీతలు గీయించి, ఎవరికి ఏది కావాలో చెప్పుకోమన్నాడు. అందరూ బావి వైపు పోయి నిలబడ్డారు, మా ఆయనతో సహా. నేను మాత్రం రోడ్డు అంచున ఉన్న ఆఖరి జాగాలో నిలబడ్డాను.

"తెలిసే అడుగుతున్నవా అమ్మా? గీడ గడ్డపార గూడ దిగదు" అన్నాడు గిర్దావర్.

"దిగకుంటే ఏమాయె సారూ, గా రాయే గోడకైతది" అన్నాను.

మా ఆయన ముఖం మాడిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు, "అందరు నీళ్ల దిక్కు పోతుంటే నువ్వు గుండ్ల దిక్కు పోతివి. నెత్తి మీద కడవతోని నడిచేది నువ్వే, యాదుంచుకో" అన్నాడు.

"నడుస్త" అన్నాను.

నాది ఉత్త మొండితనం కాదు. నేను పుట్టి పెరిగింది నార్కట్‌పల్లి దగ్గర. మా బాపు రోడ్డు పనిలో కంకర కొట్టేవాడు. నాకు ఊహ తెలిసేనాటికి ఆ కూడలిలో తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. తర్వాత ఒకాయన చాయ పొయ్యి పెట్టాడు. లారీలు ఆగడం మొదలైంది. సైకిళ్ల దుకాణం వచ్చింది, కిరాణం వచ్చింది. రోడ్డు పక్క నేల ఎందుకూ పనికిరాదని అమ్ముకుని లోపలికి పోయినవాళ్లు మళ్లీ అదే రోడ్డు మీదికి కూలికి రావడం నేను చూశాను. బావి ఎప్పుడైనా తవ్వుకోవచ్చు, రోడ్డును మాత్రం మనం తెచ్చుకోలేం అని నా లెక్క.

మేము గుడిసె వేసుకుని కాపురం అక్కడికి మార్చాం. అత్త రానంది. "నా పెనిమిటి గీడనే పాయె, నేను గూడ గీడనే ఉంట" అని పాత గుడిసెలో ఉండిపోయింది. కొత్త జాగాలో ఉన్న కష్టం నేను అనుకున్నదానికన్నా ఎక్కువే. పొద్దున, సాయంత్రం బావి నుంచి నీళ్లు మోసి మోసి మెడ పట్టేసేది. చుట్టూ గుండ్ల సందుల్లో తేళ్లు. మేము కుదురుకోకముందే ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచి, కప్పు మొత్తం ఎత్తుకుపోయి కంపలో పడేసింది. జొన్నపిండి దుమ్ములో కలిసింది. మా ఆయన ఆ పిండి వంక చూసి, "ఇగ చాలు. దొడ్డెనకకే పోదాం పా" అన్నాడు.

"నువ్వు పో. నేను రాను."

ఆయన నిజంగానే వెళ్లిపోయాడు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోను. కాసేపు ఏడ్చి, లేచి, చెదిరిన కట్టెలు ఏరి ఒకచోట పెట్టాను. తెల్లారేసరికి ఆయన భుజం మీద గడ్డపారతో, చేతిలో సమ్మెటతో తిరిగొచ్చాడు. ఎక్కడ పడుకున్నాడో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. "గాలికి లేవని ఇల్లు కడుదాం" అని మాత్రం అన్నాడు. రాయి పగలగొట్టే ఉపాయం మా బాపు దగ్గర నేను చూసి ఉన్నాను. గుండు చుట్టూ మంట పెట్టి, బాగా కాలాక సమ్మెటతో కొడితే పెచ్చులుగా విడిపోతుంది. ఆయన పటేలు పని అయ్యాక వచ్చి కొట్టేవాడు, నేను మట్టి తొక్కి రాళ్లు అందించేదాన్ని. వానాకాలం లోపల ఒక గది గోడలు లేచాయి. మా జాగాలో గుండ్లు తగ్గి, వాకిలి బయటపడింది.

ఆ ఏడు తొలివానకు పాత గుడిసె కురిసింది. కప్పు వేయించమని అత్త పటేలు ఇంట్లో అడిగితే, వానలు పోయాక చూద్దామన్నారట. ఆ మర్నాడు అత్త పిండి విసిరే ఇసుర్రాయి పైరాయిని నెత్తిన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. దాన్ని దించి, "కిందిరాయి నీ మొగడు తెస్తడు" అని గోడకు ఆనుకుని కూర్చుంది. నేను అంబలి పోసి ఇచ్చాను.

ఎండాకాలంలో అత్త ఇంటిముందు నీళ్లకుండ పెట్టేది. ఆముదాలు నల్గొండకు తోలే బండ్లవాళ్లు అక్కడ ఆగి నీళ్లు తాగేవారు, ఎడ్లను విప్పుకునేవారు. తర్వాత బస్సు కూడా చెయ్యెత్తితే ఆగేది. అలా రెండు మూడేళ్లు గడిచాక, నల్గొండ నుంచి ఆముదాల వ్యాపారం చేసే సేటు ఒకాయన వచ్చాడు. మా వాకిలంతా తిరిగి చూసి, మా ఆయనతో అన్నాడు.

"ఊరికి ఉత్తరాన నాకు చెలక ఉన్నది. చేసేటోడు లేక పడావు పడ్డది. అది నీ పేర రాసిస్త, ఈ జాగా నాకియ్యి. అమ్మొద్దని పట్టాల ఉంటది గాని, ఆ సంగతి నేను చూసుకుంట."

మా ఆయన తాతల నాటి నుంచీ ఒకరి భూమి దున్నిన మనిషి. సొంత నాగలి, సొంత చాలు అనే మాట ఆయన పైకి ఎప్పుడూ అనలేదు గానీ, నాకు తెలుసు. "ముందుగాల భూమి చూద్దాం పా" అన్నాను.

మరునాడు పోయి చూశాం. ఎర్ర చెలక. గరక పెరిగింది గానీ నేల మంచిది. ఆయన కూర్చుని పిడికెడు మట్టి తీసుకుని చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. రోడ్డు పక్క మా జాగా వదులుకోకూడదని నాకు ఎంత గట్టిగా ఉందో, ఆ మట్టి ఆయన చేతిలోంచి జారిపోకూడదని అంతే గట్టిగా అనిపించింది. ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన.

సేటు మళ్లీ వచ్చినప్పుడు నేనే మాట్లాడాను.

"జాగా ఇయ్యం సేటూ. రోడ్డు దిక్కు సగం కిరాయికిస్తం, ఆముదాలకు కొట్టం మీరే కట్టుకోండ్రి. కిరాయి పైసలు మాకొద్దు. మీ చెలక మా ఆయన చేసుకుంటడు."

"పాలుకా?"

"పాలుకు గాదు. మీ కొట్టం మా జాగల ఉన్నన్ని దినాలు పంట మాది."

ఆయన నవ్వి, కుదరదని వెళ్లిపోయాడు. మా ఆయన ఆ పూట అన్నం సరిగా తినలేదు. "చేతికొచ్చింది పాయె" అన్నాడు.

"ఎటూ పోదు. ఆముదాల కాలం వస్తాంది. బండ్లు ఆగేది గీడనే. ఫికర్ జెయ్యకు" అన్నాను. ధైర్యంగానే అన్నాను గానీ, బండి చప్పుడైన ప్రతిసారీ తలుపు వైపు చూసేదాన్ని.

వారం తిరగకుండా సేటు వచ్చాడు, వెంట కొట్టం కట్టే మేస్త్రీతో. మా ఆయన అదే రోజు పటేలు దగ్గరికి పోయి, ఇకపై నాగలి పట్టనని చెప్పి వచ్చాడు. పటేలు ఏమన్నాడని అత్త అడిగితే, "ఏమంటడు, ఊకున్నడు" అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మెడ నిటారుగా ఉంది.

ఎడ్లు అడిగి తెచ్చుకున్నాం. మృగశిర వానకు జొన్న, కంది కలిపి చల్లాం. కంకులు కొట్టిన రోజు అత్త కుప్ప పక్కన మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసింది. కొన్నేళ్లకు సేటు పట్నం పోతూ ఆ చెలక మాకే అమ్మాడు, వాయిదాల మీద. కొట్టం కూడా మాకే వదిలేశాడు. అందులో మొదట మా వాడ పిల్లల బడి నడిచింది. సర్కారు బడికి గదులు కట్టాక మేము కిరాణం పెట్టుకున్నాం.

బావి వైపు జాగాలు తీసుకున్నవాళ్లూ చెడిపోలేదు. వాళ్లు కూరగాయలు పండించుకున్నారు, మా దుకాణం ముందే గంపలు దించుకుని బస్సు ఎక్కించేవారు. బంచరాయి అని పిలిచిన చోటు మెల్లగా కొత్తవాడ అయింది. కరెంటు స్తంభాలు పాతే ముందు ఒక సారు వచ్చి, తీగ ఎటు నుంచి తీసుకురావాలని అడిగాడు. మా ఆయన నన్ను పిలిచాడు. నేను చేతులు కడుక్కుని, ఆ సారు వెంట వాడంతా నడిచి చూపించాను.