ఆగకుండా పోయిన పల్లకి

మా జేజి, అంటే మా నాయన తల్లి, తొంభై ఏళ్ళు దాటి బతికింది. జమ్మలమడుగులో పుట్టి, చిన్నతనంలోనే ప్రొద్దుటూరులో మా ఇంటికి కోడలై వచ్చింది. మాది బట్టల వ్యాపారం. పెళ్ళి బట్టలకు కమలాపురం నుంచి కూడా మా అంగడికే వచ్చేవాళ్ళు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట.

మా ఇంటికి ఒక మర్యాద ఉండేది. ఏటా ఉత్సవాల్లో స్వామి పల్లకి మా వాకిట్లో ఆగేది. ఇంటి పెద్ద హారతి ఇచ్చేవాడు. పల్లకి గుడి చేరినాక, మోసిన బోయీలందరూ, వెంట పూజారీ మా ఇంటికి తిరిగి వచ్చి భోంచేసేవాళ్ళు. హారతి మగవాళ్ళది, అన్నం జేజిది.

ఆ రోజు ఆమె తెల్లవారకముందే తలస్నానం చేసి, తులసికోటకు దీపం పెట్టి, నేరుగా పొయ్యి దగ్గరికి పోయేది. ఓళిగలు, అదే బొబ్బట్లు, కాల్చే పని ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. బోయీలను అరుగు మీద కూర్చోబెడదామని మా చిన్నాయన ఒకసారి అన్నాడు. జేజి గరిటె కింద పెట్టింది.

"స్వామిని మోసిన భుజాలురా అవి. అరుగు మీద నువ్వు కూచో పో, నీకు ఆడికే తెచ్చి ఒడ్డిస్తా."

చిన్నాయన ఆ ఏడు నిజంగానే అరుగు మీద తిన్నాడు. నడవలో జేజి ఒక ముసలి బోయీ విస్తట్లో నెయ్యి పోస్తూ, "ఇంగొకటి ఏసుకో మామా! మోసేటప్పుడు లేని సిగ్గు తినేటప్పుడు యాడినుంచి వచ్చె?" అంటుంటే అందరూ నవ్వారు.

నా చేతికి వచ్చేసరికి అంగడి మూతపడింది. ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి సెల్‌ఫోన్ల దుకాణాలు కట్టారు. నేను, జేజి పక్క వీధిలో అద్దె ఇంట్లోకి మారాం. ఎర్రగుంట్లలో సిమెంటు లారీల ఆఫీసులో చేరాను. ఇస్త్రీ చొక్కా లేకుండా మాత్రం ఏనాడూ బస్సు ఎక్కలేదు.

ఆ ఏడు ఉత్సవాలకు ముందు గుడి పూజారి దగ్గరికి నేనే పోయాను. ఒకరిని అడగడం నాకు అలవాటు లేదు. అయినా అడిగాను. "ఇల్లు పోయింది గానీ మనుషులం ఉన్నాం గదా స్వామీ. పల్లకి మా అద్దె ఇంటి ముందర ఆపండి."

"ఆపుతాంలే అప్పా, దానికేముంది" అన్నాడాయన.

ఉత్సవం నాటి సాయంత్రం పక్కింటి దర్జీ సాయబు భార్య మా వాకిలి కూడా కడిగిపెట్టింది. జేజిని గడప దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. మేళం వీధి మలుపు తిరగగానే కర్పూరం వెలిగించి, పళ్లెం పట్టుకుని వీధిలోకి దిగాను.

పల్లకి ఆగలేదు. బోయీలు నావైపు చూడకుండా అదే నడకతో సాగిపోయారు. పూజారి తల వంచుకుని వాళ్ళ వెంట పోయాడు.

ఎదురు మిద్దె మీదనుంచి ఎవరో, "ఏందప్పా, స్వామికి కొత్త అడ్రసు తెలీనట్టుందే!" అన్నారు. నలుగురు నవ్వారు. కర్పూరం పళ్లెంలోనే కాలిపోయింది. జేజి చేతులు జోడించి పల్లకి పోయిన వైపే చూస్తోంది. "లోపలికి పోదాం పా నాయనా" అంది. అంతే.

ఆ రోజునుంచి పూజారి ఎదురైతే నేను తల తిప్పుకునేవాణ్ణి. గుడి మెట్లు ఎక్కలేదు. మా ఇంట్లో తిని మమ్మల్ని వీధిలో నిలబెట్టాడని పదిమందిలో అన్నాను, జేజి ముందరా అన్నాను. ఆమె జపమాల తిప్పుతూ, "స్వామి మీద కోపమెందుకు నాయనా" అనేది. పూజారి తప్పు లేదని మాత్రం ఏనాడూ అనలేదు.

పోయిన ఏడు ఆమె పులివెందులలో మా మేనత్త ఇంట్లో కన్నుమూసింది. కర్మ అయిన మర్నాడు పూజారి బస్సు దిగి వచ్చాడు.

"ఇప్పుడెందుకు వచ్చారు?" అన్నాను.

"ఆమె చేతి అన్నం తిన్నోణ్ణి. రాకుంటే ఎట్లప్పా?"

"ఆ అన్నం ఆ రోజు గుర్తుకు రాలేదే."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇంగ చెప్పొచ్చులే. ఆపొద్దన్నది ఆమెనే."

ఉత్సవానికి ముందు రోజు జేజి పక్కింటామె చేయి పట్టుకుని గుడికి పోయిందట. "పల్లకి ఆగితే బోయీలకు అన్నం పెట్టాల. ఇప్పుడు నా చేత గాదు. ఉత్త హారతికి స్వామిని నిలబెట్టను. మావానికి చెప్పొద్దు సామీ. చెప్తే వాళ్ళ జేజినాయన ఉంగరం అమ్మయినా పెడతాడు" అందట.

"'నన్ను తిట్టుకుంటాడు గదమ్మా' అన్న్యా" అన్నాడు పూజారి. "'తిట్టుకోనీ సామీ, నువ్వు శానా మాటలు పడినోడివే' అని నవ్వింది."

అమ్మేవాణ్ణే. నా వేలికున్న మా తాత ఉంగరం తీసి అమ్మి, బోయీలను కూర్చోబెట్టి, నా చేత్తో వడ్డించేవాణ్ణి. ఊరందరికీ పెట్టిన మనిషి, పెట్టే అవకాశం నాకొక్కడికి ఇవ్వలేదు. పూజారికి తెలుసు, బోయీలకు తెలుసు, వాకిలి కడిగిన పక్కింటామెకు తెలుసు. పళ్లెం పట్టుకుని నిలబడినవాడికి తెలియదు. పల్లకి ఆగదని తెలిసే, ఆమె నా వెనక కుర్చీలో కూర్చుని నేను కర్పూరం వెలిగించడం చూసింది.

"వచ్చే ఉత్సవాలకు ఆపమంటావా?" అన్నాడు పూజారి. "అన్నం మాట ఇడ్సిపెట్టు. హారతి ఇయ్యి, చాలు."

ఉత్త హారతికి వద్దు అనబోయాను. అవి ఆమె మాటలు. వద్దనడానికి కూడా నాకంటూ ఒక మాట మిగల్చలేదు. ఏమీ అనకుండా ఆయనకు విస్తరి వేయించాను. వడ్డించింది మా మేనత్త.

ఈ ఏడూ పల్లకి మా వీధిలో ఆగకుండా పోయింది. నేను ఏ మాటా చెప్పలేదు కాబట్టి ఆమె మాటే ఇంకా చెల్లుతోంది.