పెద్దమ్మ గదికి వెలుగు గొట్టం

కొందరు దీపం ఆర్పి ఇల్లు చీకటి చేస్తారు. నేను వెలుగు తెచ్చి ఆ పని చేశాను. ఎట్లాగో చెబుతాను, నవ్వొస్తే ఆపుకోకండి. నేనూ మొదట నవ్వినవాణ్ణే.

దుబాయ్‌లో రెండేళ్లు గోదాముల కప్పులకు వెలుగు గొట్టాలు బిగించాను. పైకప్పు మీద గాజు బుడగ, లోపల అద్దంలా మెరిసే గొట్టం, కింద పాలరంగు బిళ్ల. ఎండ పైనుంచి దూరి, జారి, గదిలో పడుతుంది. కరెంటుతో పనిలేదు. కోరుట్లలో బస్సు దిగేసరికి నేను సూర్యుడి మేనల్లుణ్ణి అయిపోయాను.

నన్ను పెంచిన పెద్దమ్మ నడిమి గదిలో కూర్చుని బీడీలు చుట్టేది. రెండు వైపులా పొరుగిళ్ల గోడలు. కిటికీ లేదు.

"గీ చీకట్ల చుట్టి చుట్టి కండ్లు పాడైతయ్ పెద్దమ్మా. గొట్టం పెడ్త."

"నాకెందుకు కొడుకా గొట్టాలు? బల్బు ఉన్నది గద."

"గా బల్బు ఏడుస్తున్నది."

"ఏడ్వనియ్యి. దాని ఏడుపు దానిది."

వింటానా! ఆమె పక్కనే కూర్చుని బీడీలు చుట్టే పక్కింటి షబానా భయపడింది. "తమ్మీ, స్లాబు కూలదు గద?"

"దుబాయ్‌ల ఎన్ని చేసిన అక్కా!"

"దుబాయ్ స్లాబు కూలితె నా మీద పడదు. గిది పడ్తది."

స్లాబు కోస్తుంటే రాలిన దుమ్ముకు పొగాకు చాట, షబానా తల, పిల్లి ఒకే రంగుకొచ్చాయి. సాయంత్రానికల్లా కాదు, మిట్టమధ్యాహ్నానికే బుడగ బిగించాను. ప్రారంభోత్సవానికి షబానా బల్బు ఆర్పేసింది. మిద్దె మీంచి అరిచాను:

"పెద్దమ్మా! వెలుగొచ్చిందా?"

"అచ్చింది కొడుకా! అబ్బ, ఇల్లంత తెల్లగయింది!"

మెట్లు రెండేసి దూకుతూ దిగాను. గది డప్పు లోపలంత చీకటిగా ఉంది. చీకట్లోంచి షబానా గొంతు వినిపించింది: "తమ్మీ, నేను ఎక్కడున్న?"

గీతలు పడకుండా బుడగకు అంటించి ఉన్న నల్ల అట్టను తీయడం మరిచాను. రెండేళ్ల అనుభవం మరి!

షబానా, నేను పొట్టలు పట్టుకుని నవ్వాం. "మూతనే తియ్యలే పెద్దమ్మా! ఏం వెలుగు జూసినవే?"

చీకట్లో పెద్దమ్మ ఆకు చుడుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. మా నవ్వే ఆగింది.

షబానా బల్బు వేసింది. పెద్దమ్మ తల అటు తిరగలేదు.

"ఎప్పటిసంది?" అన్నాను.

"నువ్వు పోయిన ఏడే. మెల్లమెల్లగ."

"ఫోన్ల చెప్పకపోతివి?"

"చెప్తె ఊరంత తెలుస్తది. బీడీ కార్డు గుంజుకుంటరు. చుట్టుడు బందైతె నేనేం జెయ్యాలె కొడుకా, గోడకు ఆనుకోని? గీ చేతులకు కండ్లతోని పనిలేదు."

గోడ పట్టుకుని నడుస్తోందని షబానా ఫోన్లో చెబితే, నేను దుబాయ్ నుంచి మోకాళ్ల తైలం పంపాను. పెద్దమ్మ రోజూ రాసుకుందట, సీసా అయిపోయేదాకా.

"మరి వెలుగొచ్చిందని ఎందుకన్నవ్?"

"గంత మీదికెక్కి ఆశతోని అడుగుతివి. రాలేదని ఎట్లంటరా?"

జగిత్యాల కండ్ల దవాఖానాలో డాక్టరు, నరం ఎండిపోయిందన్నాడు. ముందే తేవాల్సిందన్నాడు. ఏ సమయానికైనా జోకు దొరికే నాకు, తిరుగు బస్సులో ఒక్కటీ దొరకలేదు.

ఇప్పుడు అట్ట తీసేశాను. వెలుగు ధారాళంగా పడుతోంది. దాని కింద షబానా ఆకు కత్తిరించి ఇస్తుంది, పెద్దమ్మ చుడుతుంది. కార్డు ఇంకా పెద్దమ్మ పేరు మీదే ఉంది. మీరూ ఎవరికీ చెప్పకండి.

నిన్న నేను వండిన పప్పు మాడి బొగ్గయింది. వాసనకే షబానా లేచి ఇంటికి పోయింది. పెద్దమ్మ రెండోసారి వడ్డించుకుని, "ఏం రుచి కొడుకా!" అంది.

అందుకని, కండ్ల దవాఖానా గోడ మీది పెద్దక్షరం మొదలు చిన్నక్షరం దాకా అన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా పని బాగుందని పెద్దమ్మ అంటే ఈ జన్మలో మళ్లీ నమ్మను.