తెలుగు క్లాసుకు నలుగురు తక్కువ

ఆ రోజుల్లో రియాద్‌లో మనవాళ్లు ఎక్కడ కలిసినా మొదట అడిగే మాట "బాగున్నారా" కాదు, "మీరెప్పుడు వెళ్తున్నారు" అని. ఇంతమంది సౌదీలకు ఉద్యోగాలివ్వాలనే నితాకత్ చట్టం వచ్చి కంపెనీలకు ఎరుపనీ పచ్చనీ రంగులు పంచిపెట్టింది. సౌదీలు తక్కువున్న ఎర్ర కంపెనీ వాళ్లకు ఇకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ గండమైంది. అది సర్దుకునేలోపు భార్యాపిల్లల మీద తలకింత అని లెవీ పడింది. అంత దిగులు ఊరైనా, తలుచుకుంటే నాకు ముందు నవ్వే వస్తుంది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. అక్కడి ఒక ఇండియన్ స్కూల్లో గుమాస్తాని. ఇంగ్లీషు టైపింగ్ వచ్చు, నా మీద నాకు చాలా మంచి అభిప్రాయం ఉండేది (ఆధారాలు మాత్రం లేవు).

మా స్కూలు కమిటీ ఛైర్మన్ అనంతపురం ఇంజినీరు. స్కూల్లో ఇంగ్లీషు తప్ప మాట్లాడేవారు కాదు, పిల్లలకు ఫ్రెంచి పెట్టించారు. ఆ ఏడు ఆయన 'కొత్త ప్రమాణాలు' తెచ్చారు. చిన్న తరగతులకు పరీక్షలుండవు, ర్యాంకులుండవు, పిల్లలకు ఏం చేతనవుతుందో చూసి గ్రేడు బదులు బొమ్మ వేస్తారు. దానికోసం టీచర్లకు శిక్షణ, కొత్త పుస్తకాలు, ఒక ప్రత్యేక గది. తల్లిదండ్రులు రెండు జట్లయ్యారు. ప్రపంచమంతా ఇదే నడుస్తోందని కొందరు మురిసిపోతుంటే, కరీంనగర్ ఫోర్‌మన్ ఒకాయన మీటింగులో లేచాడు. "సార్, వచ్చే ఏడు మేం ఎగ్జిట్ మీద ఊరికి పోతున్నం. ఆడ బడోళ్లు మార్కుల మెమో అడిగితే ఈ నవ్వు మొఖం బొమ్మ సూపెట్టాల్నా?" హాలంతా నవ్వింది, ఛైర్మన్ గారు తప్ప. ఖర్చు ఎక్కడో ఒకచోట తగ్గించాలి కనుక, పదిహేను మంది లేని భాషా తరగతులు మూసేయాలని బడ్జెట్‌లో రాశారు. ఆ కాగితం టైపు చేసింది నేనే. చేశాక లెక్కపెట్టాను, తెలుగుకు పదకొండు మంది.

తెలుగు మేడం నెల్లూరావిడ. ఒత్తు మరిచిపోతే ఒప్పుకునేవారు కాదు గనుక మాకు ఒత్తుల మేడం. గురువారం గురువారం నాకు పులిహోర డబ్బా పంపేవారు (ఆడవాళ్ల సెక్షన్‌లోకి మగవాళ్లకు ప్రవేశం లేదు, డబ్బా ఆయమ్మ చేత వచ్చేది). ఊరి శివారు సులైలో ఎనిమిది మందితో గది పంచుకుని మెస్ కూడు తినేవాడికి ఆ పులిహోర ఏమిటో నేను చెప్పక్కర్లేదు. భాషాభిమానమో, పులిహోరాభిమానమో గానీ, నలుగురు పిల్లల్ని పట్టుకొస్తానని మేడానికి చీటీ రాసి పంపాను.

ముందు మా బస్సు డ్రైవరు మామను అడిగాను. ప్రొద్దుటూరు ఆయన, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. "ఏమబ్బీ, ఉర్దూ ఇంట్లోనే వస్తాది. తెలుగు రాకపోతే రేపు ప్రొద్దుటూరు బజార్లో బేరమెట్లాడతారు? రాసుకో మా పిల్లలిద్దర్నీ" అన్నాడు. ఇంకో ఇద్దరి కోసం, క్యాంటీన్ నడిపే కేరళ ఆయన దగ్గరకు వెళ్లి నా వచ్చీరాని హిందీలో కొత్త ప్రమాణాల గొప్ప మొదలుపెట్టాను. పరీక్ష ఉండదన్న మాట చెవిన పడగానే ఆయన కవల కూతుళ్లు ఎగిరి గంతేశారు. మొత్తం పదిహేను!

తర్వాతి మీటింగులో ఛైర్మన్ గారు జాబితా చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు. "ప్రమాణం ప్రకారమే చూద్దాం. పిల్లల్లో ఒకరొచ్చి రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడాలి" అని ఇంగ్లీషులో చెప్పి, కావాలనే కవలల్లో ఒకరి పేరు పిలిచారు. ఆ పిల్ల తెలుగు క్లాసులో చేరి మూడు రోజులు. నా చొక్కా తడిసిపోయింది. అది వేదికెక్కి ఆయన్ను ఎగాదిగా చూసి, "ఏం సార్, బాగుండారా? అన్నం తిన్యారా? ఎంతసేపు నిలబడుకోని ఉంటారు, కూర్చోండి, కాళ్లు నొప్పి పుట్టవా?" అంది. అచ్చం డ్రైవరు మామ గొంతు! రెండేళ్లుగా ఆ బస్సులోనే వస్తోందని అప్పుడు గుర్తొచ్చింది.

ఛైర్మన్ గారు నిజంగానే కూర్చున్నారు. "మాయమ్మ ఫోన్లో ఇట్లే అడుగుతాంటాది" అన్నారు, మేమెప్పుడూ వినని తెలుగులో. "ఇంకా చెప్పు పాపా." పాప తనకొచ్చిన మిగతాదంతా చెప్పేసింది. "తోసుకోవాకండి. కిటికీలోంచి చేతులు పెట్టొద్దండి. నోరు మూసుకోని కూర్చోండి!" కమిటీతో సహా అందరూ పొట్ట పట్టుకున్నారు. తెలుగు తరగతి నిలిచింది. నెల రోజులు నేను కాలరెత్తుకుని తిరిగాను.

మరుసటి ఏడు లెవీ ఇంకా పెరిగింది. ఫోర్‌మన్ ఆయన పిల్లలతో మొదలై, టీసీలు రాయడమే నా పనైంది. డ్రైవరు మామ కుటుంబాన్ని ప్రొద్దుటూరు పంపేసి మా సులైలోనే గది చూసుకున్నాడు. క్యాంటీన్ ఆయన కూడా కూతుళ్ల టీసీల కోసం వచ్చినప్పుడు, "చదివిన భాష తెలుగు అని ఉంటే కేరళలో ఇబ్బందేమో, తీసేయనా?" అని అడిగాను. ఆయన ఆలోచిస్తుండగానే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "తీసేయొద్దన్నా, నేర్చుకున్న్యా కదా." ముద్ర వేసి ఇచ్చేశాను. వేసవి సెలవుల తర్వాత తెలుగుకు నలుగురే మిగిలారు. మేడం కూడా వెళ్లిపోయారు.

నాలుగు పేర్లు రాసి అంత పెద్ద తిరుగు వలసను ఆపేశాననుకున్న ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే ఏమీ అనబుద్ధి కాదు. ఒక్క ఏడాదైతేనేం, రియాద్‌లో పదిహేను మంది పిల్లలు ఒత్తులు దిద్దారు కదా పాపం, వాణ్ణి అలాగే అనుకోనిస్తాను.