జములమ్మ, తల లేని చేప

గద్వాల చేపల బజారులో ముప్పై ఏళ్లుగా జూరాల డ్యాం చేపలు కోస్తున్న మనిషి జములమ్మ. మొప్ప ఎత్తి చూసిందంటే ఆ చేప పొద్దున పడిందో, నిన్న పడిందో చెప్పేస్తుంది. ఊరందరికీ ఆమె మాట మీద గురి, ఒక్క మొగుడికి తప్ప.

లక్ష్మణ్ వల వేసే మనిషి. పెళ్లయిన నాటి నుంచి ఆమె పెట్టిన ఏ కూరనూ వంక పెట్టకుండా తినలేదు. పులుపెక్కువైందనో, మెంతులు మాడాయనో పంచాయితీ పెట్టనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు. జములమ్మేం తక్కువది కాదు, ఒకటికి నాలుగు అప్పజెప్పేది.

అలాంటి మనిషి మూడు నెలల కిందట కర్నూలు దవాఖానలో గుండెకు స్టెంటు వేయించుకుని వచ్చాడు. అప్పట్నుంచి ఏం పెట్టినా ఒకటే మాట, "మంచిగుంది." గోడ వైపు చూస్తూ అంటాడు, సగం తిని చెయ్యి కడుక్కుంటాడు. "నీ మొగుడు మారిండు, అదృష్టమంటే నీదే" అన్నారు ఇరుగుపొరుగు. ఆమెకు మాత్రం లోపల భయం పట్టుకుంది. వంక పెట్టని లక్ష్మణ్ ఎవరో ఆమెకు తెలియదు. ఒక్కసారి, ఒక్కసారి తిడితే చాలనుకుంది.

చేపలు తినమన్న డాక్టరు, మాటల మధ్య సాల్మన్ అని ఒక పేరు చెప్పాడు. ఎన్నడూ చూడని చేప. కొత్త చేపైతే కొత్త వంకైనా దొరక్కపోతుందా అని ఆశపడి, హైదరాబాదు నుంచి హోటళ్లకు ఐసు పెట్టెల్లో సరుకు తెచ్చే అబ్రార్‌కు చెప్పింది. అతను అక్కడి చేపల దుకాణం నుంచే ఫోన్ చేశాడు.

"మొప్పలు ఎర్రగున్నయా చూడు" అంది.

"తలకాయనే లేదు పెద్దమ్మా. ముక్కలే అమ్ముతుండ్రు."

"కండ్లు గూడ లేవా? గిదేం బేరం! జర ఫోన్‌ల చూపియ్యి."

కమలాపండు రంగు కండ, మధ్యలో తెల్లటి గీతలు. ఆ రంగు చూసి అనుమానం వచ్చింది. "రుమాలుతోని అద్దు, రంగు అంటుతదేమో." అంటలేదు. "వేలుతోని ఒత్తు. గుంట మల్ల పైకి లేస్తుందా?" లేచింది. "వాసన?"

"ఏం వాసన లేదు పెద్దమ్మా."

"గట్లనే ఉండాలె. గీతలు విచ్చుకున్నది తేకు, కింద నీళ్లు దిగినది తేకు."

తల లేకపోతేనేం, చేప చేపే కదా అనుకుంది. బోల్తా పడింది అక్కడే. వచ్చిన రెండు ముక్కల్లో మొదటిదాన్ని, చెరువు చేపకు మట్టి వాసన వదిలించినట్టే, కల్లుప్పూ పసుపూ వేసి బండ మీద రుద్దింది. చింతపండు పులుసులో అరగంట ఉడికించింది. మూత తీస్తే ముక్క లేదు. పైన నూనె తేలింది, అడుగున పిండి పిండైంది. ఇంత చెడిపోయాక తిట్టక ఏం చేస్తాడని అదే పోసి ఎదురుచూసింది.

లక్ష్మణ్ రెండు ముద్దలు మింగి, "మంచిగుంది" అన్నాడు.

జములమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లి కొంగుతో కళ్లొత్తుకుంది. ఏడుపుకన్నా కోపమే ఎక్కువ.

మర్నాడు రెండో ముక్కను పళ్లెంలో పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చుంది. తన ముప్పై ఏళ్ల విద్యను కాసేపు పక్కన పెట్టి, చేపనే అడిగి చూద్దామనుకుంది. తాకితే వేలికి జిడ్డంటింది. "ఓహో, నీ నూనె నువ్వే తెచ్చుకున్నవా!" అని నవ్వింది. బట్టతో తడి అద్ది, చిటికెడు ఉప్పు, కాస్త కారం రాసింది. జొన్నరొట్టె పెనం కాలాక, చుక్క నూనె వేయకుండా తోలు వైపు కిందికి పెట్టింది. తిప్పుదామని అట్లకాడ పెడితే అంటుకునే ఉంది. చెయ్యి దురదపెడుతున్నా ఆగింది. కింది నుంచి రంగు తెల్లబారుతూ పైకి పాకింది, నూనె తానే ఊరింది. ఈసారి కదిపితే ముక్క పెనాన్ని దానంతటదే వదిలేసింది. తిప్పి, మధ్యలో ఇంకా తడి ఉండగానే దించేసింది. నిమ్మకాయ పిండి, రొట్టెతో పెట్టింది.

లక్ష్మణ్ కొంచెం తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముక్క తుంచి, ఏదో వెతుకుతున్నట్టు వేళ్ల మధ్య నలిపి చూశాడు. గోడ వైపు చూడలేదు.

"ఏమే, గిదేం చేప?"

జములమ్మ పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరిగింది.

"ముల్లు లేదు. పులుసు లేదు. తోలొక్కటి కరకరమంటుంది గని, ఉప్పేసినవా, మరిసిపోయినవా? ఎవడు తెచ్చిండు దీన్ని?"

కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే జములమ్మ నడుముకు కొంగు బిగించింది. "ఉప్పు తక్కువెయ్యమన్నడు డాక్టరు! వండిపెడితే తిననీకి ఏం రోగం నీకు?"

"నోరు లేస్తుంది నీకు!"

"నీకు లేస్తలేదా?"

ఆ పూట ఆ ఇద్దరి అరుపులకు పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు. కంచంలో తోలు ముక్క కూడా మిగల్లేదు.